పశ్చాత్తాపానికి మైకెందుకు, రసీదెందుకు?

గుంటూరు, విజయవాడ సంఘాల పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, చర్చి కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, వందనాలు.

తప్పిపోయి తిరిగొచ్చినవాళ్లను సంఘం చేర్చుకునే తీరు మీద మా సంఘ కమిటీకి ముందే కాగితం ఇచ్చాం. సంతకాలు చేసినవాళ్లలో స్త్రీల సమాజం వాళ్లున్నారు, యూత్ పిల్లలున్నారు, చాలాకాలం కోశాధికారిగా చేసిన ఒక పెద్దాయన కూడా ఉన్నారు. మొదట "చూద్దాం" అన్నారు. తర్వాత "ఎజెండాలో లేదు" అన్నారు. ఆ పై ఆదివారం ప్రసంగానికి మోషే మీద సణిగిన మిర్యాముకు కుష్ఠు వచ్చిన వాక్యభాగం తీశారు. అది ఎవరికి తగిలేలా చెప్పారో గుడిలో ఉన్న అందరికీ తెలిసింది. ఇక లోపల చెప్పుకోవడానికి చోటు లేక బయట రాస్తున్నాను. మా సంఘం పేరు రాయను. కృష్ణకు అటూ ఇటూ ఉన్న బంధువులు, స్నేహితులు చెప్పేవి వింటే ఇది ఒక్క గుడి రోగం కాదని తేలింది. మిషన్ ఏదైనా, ఆరాధన పద్ధతి ఏదైనా, తప్పిపోయి తిరిగొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టే తీరు మాత్రం ఒకేలా ఉంది.

జరిగినవి చెబుతాను.

మా సంఘంలో పెరిగిన ఒక అమ్మాయి, నర్సు, వేరే మతం అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకుంది. బల్ల ఆపేశారు, అంటే ప్రభువు సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడం మానేశారు. ఆ పెళ్లి పాపమా కాదా అన్న వాదన నేనిక్కడ ఎత్తడం లేదు. ప్రార్థన మానేసి దేవునికి దూరమయ్యానని ఆమెకే అనిపించింది. రెండేళ్లకు చంటిబిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చింది, సంస్కారం తీసుకోవాలని అడిగింది. పెద్దలు కూర్చుని రెండు షరతులు పెట్టారు. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ఒప్పుకోవాలి. కృతజ్ఞతార్పణ కింద 10,000 రూపాయలు కట్టాలి. చదవాల్సిన కాగితం కూడా సెక్రటరీగారే రాసిచ్చారు. "సంఘానికి అపకీర్తి తెచ్చిన నేను" అని మొదలవుతుంది అది. చున్నీ తల మీదికి లాక్కుని, మైకు ఎత్తు సరిపోక మునివేళ్ల మీద నిలబడి ఆ పిల్ల చదువుతుంటే, ఆడవాళ్ల వైపు అమ్మమ్మ ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సగంలో గొంతు పూడుకుపోయి ఆగితే, "మొత్తం చదవాలమ్మా" అన్నారు. వెనక బల్లల్లో ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి ఆ వీడియో ఆమె అత్తగారింట్లో ఉంది.

ఇంకొకాయన మిర్చి యార్డులో హమాలీ. తాగుడు వల్ల సంఘంలో నుంచి తీసేశారు. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద సంస్కారం కావాలని కబురు పెట్టించాడు. "కమిటీ ఇంకా ఎత్తివేయలేదు కదా, నేనెలా వస్తాను" అన్నారు అయ్యగారు. ఆయన పోయాక సమాధుల తోట గేటు తాళం కావాలంటే చందా బకాయి కట్టమన్నారు. చిన్న కొడుకు యార్డులోనే మేస్త్రీ దగ్గర వడ్డీకి తెచ్చి కట్టాడు. అప్పటిదాకా పెట్టె ట్రక్కు ఆటోలోనే ఉంది. అప్పటికి సాయంత్రం నాలుగైంది. మే నెల. గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది చిన్నగా చెప్పి వదిలేస్తాను. సంఘం షాపుల అద్దె లెక్కల్లో తేడా వచ్చింది. బాధ్యుడైన పెద్దమనిషి కమిటీ గదిలో "పొరపాటైంది, ప్రార్థన చేయండి" అన్నాడు. ప్రార్థన చేశారు, టీ తాగారు. మైకు లేదు, కాగితం లేదు, కట్టిందీ లేదు. క్రిస్మస్‌కు కేకు ఆయన చేతే కోయించారు.

ఇక నా అభ్యంతరాలు వరుసగా.

1. మైకు. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పు అన్నాడు ప్రభువు, మత్తయి 18లో. మనం చివరి మెట్టు దగ్గర మొదలుపెడుతున్నాం. పైగా ఆ మూడు మెట్లూ విననివాడి కోసం. ఆ అమ్మాయి విన్నది, తనంతట తానే వచ్చింది.

మీరు ఎప్పుడూ చూపించే వాక్యం మొదటి తిమోతి 5:20, పాపం చేసినవాళ్లను అందరి ఎదుటా గద్దించమన్నది. దయచేసి దాని ముందు వచనం కూడా చదవండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే పెద్ద మీద నేరారోపణ అంగీకరించమని ఉంది. అక్కడ నడుస్తున్న మాట పెద్దల గురించి. నర్సు పిల్ల మీద వాడిన వాక్యం నిజానికి షాపుల అద్దె దగ్గర వాడాల్సింది.

యోహాను 8లో వ్యభిచారంలో దొరికిన స్త్రీని పట్టుకొచ్చి మధ్యలో నిలబెట్టింది ఎవరు? శాస్త్రులు, పరిసయ్యులు. యేసు ఆమెతో మాట్లాడింది ఆ గుంపంతా ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయాక. వెళ్లి ఇక పాపం చేయకు అన్న మాట కూడా జనం ఎవరూ మిగలని చోటే అన్నాడు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు దారిలో ఒక మాట కట్టుకుని వస్తాడు, "నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అని. తండ్రి ఎదురు పరుగెత్తి మెడ మీద పడ్డాక ఆ ముక్క చెప్పే సందే దొరకలేదు వాడికి. ఒకసారి 19, 21 వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర కాగితం రాసిచ్చి మరీ చివరిదాకా చదివిస్తున్నారు.

సంఘ చరిత్ర చూసినా అంతే. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పుడు వెంట తెచ్చిన లూథరన్ విశ్వాసానికి మూలపత్రం 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు. ఏకాంతంగా చెప్పుకునేవాళ్లకు పాపక్షమాపణ ప్రకటించే ఏర్పాటు సంఘంలో ఉండాలని, అయితే పాపాలన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదని దాని పదకొండో అంశం చెబుతుంది. కతోలికుల దగ్గర పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ, ఏ కారణంతోనూ చెప్పకూడదు. 1983 నాటి వాళ్ల ధర్మశాస్త్రం 983వ సూత్రం దాన్ని ఉల్లంఘించరాని ముద్ర అంటుంది. ఏ గుంపులో చూసినా ఒప్పుకున్న మనిషి పరువు కాపాడటం కాపరి పనే. మన దగ్గర కనీసం "ఫోన్లు లోపల పెట్టండి" అన్నవాళ్లు లేరు.

దీని ఫలితం ఆడపిల్లల మీద ఎక్కువ పడుతోంది. ఆ వీడియో తర్వాత ఆ అమ్మాయి అత్తగారింట్లో "మీ గుళ్లో మాకు విలువ లేదని చెప్పారుగా" అన్న మాట రోజూ పడుతోంది. భర్త అంతకుముందు ఆదివారాలు బండి మీద తెచ్చి గేటు దగ్గర దించేవాడు. ఇప్పుడు దించడం లేదు. దేవుని దగ్గరికి రెండేళ్ల తర్వాత వచ్చిన మనిషికి దారి మూసింది మనమే.

2. రసీదు. 1517 అక్టోబరు 31న విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ బయటపెట్టిన 95 వాదాలు దేని మీద? రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికి అమ్ముతున్న క్షమాపణ పత్రాల మీద. విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది అందులో మొదటి వాదం. నిజంగా పశ్చాత్తాపపడిన ప్రతివాడికీ ఏ పత్రమూ లేకుండానే పూర్తి క్షమాపణ ఉందన్నది 36వది. ఏటా అక్టోబరు చివర సంస్కరణ ఆదివారం ఘనంగా చేసే గుళ్లు మన ఊళ్లలో బోలెడు ఉన్నాయి. ఆ ఆదివారం చందా పుస్తకంలో "తప్పు కింద" అని ఎవరి పేరైనా ఉందేమో ఒకసారి తిరగేయండి.

కట్టించుకున్నది జరిమానా కాదు, కృతజ్ఞతార్పణ అంటారు. కృతజ్ఞతకు ఇంత అని కట్టి పెడతారా? కట్టకపోతే బల్ల ఇవ్వనంటారా?

మీరు యేసును కలిసి మారిన పన్ను వసూలుదారు జక్కయ్యను చూపిస్తారు. చూపించండి, నాకూ ఆయనే కావాలి. జక్కయ్య ఆస్తిలో సగం ఇచ్చింది బీదలకు. నాలుగంతలు తిరిగిచ్చింది తాను అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకు. దేవాలయం పెట్టెలో వేశాడని ఎక్కడా లేదు. దేవుని క్షమాపణకు వెల లేదు, నష్టపోయిన మనిషికి మాత్రం బాకీ ఉంటుంది, ఆ కథలో ఉన్నది ఇదే. మనం సరిగ్గా తలకిందులు చేశాం. ఎవరి సొమ్మూ తినని నర్సు దగ్గర సంఘం డబ్బు తీసుకుంది. సంఘం సొమ్ము తేడా చేసినాయన దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ 10,000 ఆమెకు ఎన్ని నైట్ డ్యూటీలో లెక్క వేసుకోండి. డబ్బు లేనివాళ్లు ఏం చేస్తున్నారో కూడా చెబుతాను. తప్పు కట్టలేక గుడికి రావడమే మానేస్తున్నారు. మీరు వాళ్లను "చల్లారిపోయినవాళ్లు" అని ప్రార్థన లిస్టులో రాస్తున్నారు.

3. గడువు. బల్ల ఆపిన తేదీ మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. మళ్లీ ఎప్పుడు ఇస్తారన్నది ఎక్కడా ఉండదు. కొరింథు సంఘం ఒకడిని శిక్షించాక పౌలు ఏం రాశాడు? ఎక్కువమంది వల్ల కలిగిన ఆ శిక్షే వాడికి చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే వాడు అధిక దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు. రెండో కొరింథీయులు 2:6 నుంచి 8 వరకు. "చాలు" అని చెప్పేవాడు మన కమిటీల్లో లేడు.

ఈ తగాదా కొత్తదేమీ కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ పెట్టిన హింసకు భయపడి ఎందరో విశ్వాసం వదులుకున్నారు. తర్వాత ఏడ్చుకుంటూ తిరిగొస్తే, చేర్చుకునేది లేదని రోములో నొవేషియన్ వర్గం భీష్మించింది. మేమే "శుద్ధులం" అని వాళ్లు పెట్టుకున్న పేరు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ ఎనిమిదో సూత్రంలో ఆ వర్గం వాళ్లు సంఘంలోకి రావాలంటే ఒక రాతపూర్వక ఒప్పందం అడిగింది: తప్పిపోయి తిరిగొచ్చినవాళ్లతో కలిసి సహవాసం చేస్తామని. షరతు ఎవరికి పెట్టారో గమనించండి. తిరిగొచ్చినవాళ్లకు పశ్చాత్తాపకాలం, హద్దు ముందే ఉన్నాయి. రాసివ్వాల్సి వచ్చింది శుద్ధులు. ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు పన్నెండో అంశం కూడా నొవేషియన్లను పేరుపెట్టి ఖండించి, బాప్తిస్మం తర్వాత పడిపోయినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తే అప్పుడు క్షమాపణ ఉంది, సంఘం దాన్ని ప్రకటించాలి అంటుంది.

4. చావు. దీని మీద నాకు ఓపిక తక్కువ, మన్నించండి. అదే నైసియా సభ పదమూడో సూత్రం: చావు దగ్గరపడ్డవాడికి చివరిసారి ప్రభువు సంస్కారం లేకుండా చేయకూడదు. అడిగినవాడు ఎవడైనా సరే. పదిహేడు వందల ఏళ్ల కిందట తేల్చిన మాట ఇది. గుడ్ ఫ్రైడే నాడు మన గుళ్లలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులను పెడతాం. ఆ హమాలీ పోయిన సంవత్సరం రెండో మాట, "నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అన్నది, చెప్పినాయన బకాయి అడిగిన కమిటీలో సభ్యుడు. బాగా చెప్పాడు కూడా. ఆ మాట విన్న పక్క సిలువ మీది దొంగ ఏ సంఘంలో మెంబరు, ఎన్ని నెలల చందా కట్టాడు అన్నాడు, జనం ఆమెన్ అన్నారు.

తాళం కోసం కూర్చున్న ఆ మధ్యాహ్నం ఖరీదు ఇది: మేస్త్రీ దగ్గర తెచ్చిన అప్పు వడ్డీ ఇప్పటికీ ఆ కొడుకు కూలిలో కోత పడుతోంది. పెద్ద కొడుకు పిల్లల్ని సండే స్కూలు మాన్పించాడు. వాళ్లను క్రిస్మస్ నాటికలో గొర్రెలకాపరులుగా వేయించింది నేనే కాబట్టి ఆ ఖాళీ నాకు కనిపిస్తుంది.

5. "క్షమించేయమ్మా." ఇది పై నాలుగింటికీ అవతలి ముఖం. భర్త చేత దెబ్బలు తిన్న ఆడమనిషి పాస్టరమ్మగారి దగ్గరికి వెళితే డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, క్షమించమన్న వాక్యం చదివి పంపుతున్నారు. కొట్టినవాణ్ని పిలిచి పశ్చాత్తాపపడ్డావా అని అడిగినవాళ్లు లేరు. దేవుని కనికరం అతి గొప్పదే, కాదనను. కాని దాన్ని దెబ్బతిన్నవాళ్ల నోరు నొక్కడానికి వాడితే అది ఎవరి మీద కనికరం? నాతాను ప్రవక్త కనికరం పేరు చెప్పి ఊరుకోలేదు. తప్పు చేసిన రాజు దావీదు దగ్గరికే వెళ్లి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదుకు క్షమాపణ ఆ మాట విన్నాక వచ్చింది. 51వ కీర్తన పుట్టింది ఆ సందర్భంలోనే.

పిల్లల మీద లైంగిక నేరాల సంగతి ఇంకా వేరు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. "ప్రార్థనలో పెట్టాం, ఒప్పుకున్నాడు" అన్నది అక్కడ చెల్లదు. సంఘ పెద్దలకు ఈ చట్టం ఎవరూ చదివి వినిపించలేదని నా అనుమానం.

మీరేమంటారో నాకు తెలుసు. ఇలా అందరినీ వదిలేస్తే సంఘంలో భయం ఉండదు, పిల్లలు చెడిపోతారు అంటారు. క్రమశిక్షణ వద్దని నేనెక్కడా అనలేదు. గలతీయులకు పౌలు చెప్పినట్టు, తప్పులో చిక్కుకున్నవాణ్ని సాత్వికంతో మంచి దారికి తీసుకురావడమే దాని పని. తీసుకువచ్చాక కూడా సాగదీసేదాన్ని క్రమశిక్షణ అనరు, కక్ష అంటారు. ఇక భయం సంగతి. మనిషికి మారుమనస్సు పుట్టించేది దేవుని అనుగ్రహమని రోమీయులు 2:4లో ఉంది. భయం పుట్టించేది దాపరికం. మైకు ముందు ఆ అమ్మాయిని చూసిన యూత్ పిల్లలు నేర్చుకున్నది పాపం మానడం కాదు, పెద్దలకు తెలియకుండా చూసుకోవడం. వాళ్లే నాతో అన్న మాట ఇది: "టీచర్, మనం అడగకూడదు, చెప్పకూడదు. అంతే."

కాబట్టి మేము కోరుతున్నవి:

1. వ్యక్తిగత పాపాలకు బహిరంగ ఒప్పుకోలు ఆపండి. పాస్టరుగారి ఎదుట, కావాలంటే ఒక నమ్మకమైన పెద్ద ఎదుట చాలు. స్త్రీ అయితే పక్కన ఒక స్త్రీ ఉండాలి. అక్కడ విన్నది కమిటీ చర్చకు రాకూడదు.

2. క్షమాపణతో ముడిపెట్టి ఏ పేరుతోనైనా డబ్బు తీసుకోవడం మానండి. ఇంతవరకు తీసుకున్నది తిరిగివ్వండి, ఆ నర్సు నుంచి తీసుకున్న 10,000తో మొదలుపెట్టండి.

3. బల్ల ఆపితే కారణం, గడువు రాసి ఆ మనిషి చేతికి ఇవ్వండి. గడువు రాగానే పాస్టరుగారే ఇంటికి వెళ్లి పిలవాలి. వాళ్లు వచ్చి గుమ్మం దగ్గర అడుక్కోకూడదు.

4. మరణపడక మీద సంస్కారానికి, సమాధుల తోటలో చోటుకు చందాతో, కమిటీ తీర్మానంతో సంబంధం తెంచండి. గేటు తాళం ఒకటి గుడి కాపలాదారు దగ్గర ఎప్పుడూ ఉండాలి.

5. సంఘం సొమ్ము, సంఘం పదవి విషయంలో జరిగిన తప్పులకు మాత్రం సర్వసభ్య సమావేశంలో జవాబు చెప్పించండి, సొమ్ము రాబట్టండి. షాపుల అద్దె లెక్క బయటి ఆడిటర్ చేత చూపించండి.

6. గృహహింస, పిల్లల మీద నేరాలు వచ్చినప్పుడు ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం రాసి నోటీసు బోర్డులో పెట్టండి. వాటిని సంఘంలో రాజీ చేయకండి.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం లోపల మా కమిటీ జవాబు కావాలి. శ్రమకాలం ఆచరించని సంఘాల వాళ్లు మీ వార్షిక సమావేశం ఎజెండాలో పెట్టుకోండి. జవాబు నోటితో వద్దు, ప్రసంగంలో అసలు వద్దు. తీర్మానం కాపీ సంతకాలతో ఇవ్వండి. రాకపోతే ఇదే లేఖను మా కాగితం నకలుతో కలిపి పై అధికారులకు పంపుతాం. అంతదాకా, ఆ అమ్మాయి వీడియో ఎవరి ఫోనులో ఉన్నా ఈ రోజే తీసేయమని వచ్చే ఆదివారం ప్రకటనల్లో చెప్పండి. దానికి తీర్మానం అక్కర్లేదు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక సండే స్కూలు టీచరు,
సంతకాలు చేసిన సంఘ సభ్యుల తరఫున